రాజ్‌పుత్ క్లాస్ ఓడల స్పేర్లు మన బాలానగర్ షెడ్డుల చేయాలంటే

ఈ మధ్య బాలానగర్, ఫతేనగర్ దిక్కు షెడ్లోళ్ళు చాలామంది ఒకటే అడుగుతున్నరు, అన్నా నేవీ పాత రష్యన్ ఓడల స్పేర్లకు టెండర్లు వస్తున్నయ్ గదా, మన లేత్ మిల్లింగ్ మీద అయితదా, లేకపోతే మనకెందుకు ఈ లొల్లి అని. అయితది. కాకపోతే శాంపిల్ చేతికి రాంగనే వెర్నియర్ పట్టి, వచ్చిన కొలతకే తిప్పి, పాలిష్ కొట్టి పంపిస్తం అనుకునేటోళ్ళు మాత్రం దీని జోలికి రాకండి. ముప్పై నలభై ఏళ్ళు సముద్రంల తిరిగిన ముక్క మీద ఇయ్యాల ఉన్న కొలత దాని అసలు కొలత కాదు. అసలు కొలత ఆ ముక్క మీద గుద్దిన అక్షరాల్లో, అది పోయి కూర్చునే జోడీ ముక్కలో, డ్రాయింగ్ గీసినోడు ఏ స్టాండర్డ్ పట్టుకుని గీసిండో దాంట్లో ఉంటది. దాన్ని పట్టుకునుడు ఎట్లనో రాస్తున్న, కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికున్నోళ్ళు చదవండి.

ముందు ఓడల సంగతి తెల్వాలె. చరిత్ర పాఠం అనుకుని దాటేయకండి, కొటేషన్ టైంల దీనితోనే పని పడ్తది. రాజ్‌పుత్ క్లాస్ అంటే ఐదు డిస్ట్రాయర్లు, రాజ్‌పుత్, రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్. సోవియట్ వాళ్ళ దగ్గర కాషిన్ క్లాస్ అని ఉండె, వాళ్ళ లెక్కల్లో ప్రాజెక్ట్ 61, పెద్ద యుద్ధనౌకను మొత్తం గ్యాస్ టర్బైన్ల మీదనే నడిపిచ్చిన మొదటి డిజైన్ అది, 1960ల నాటిది. దాన్నే మన కోసం మార్చి 61ఎంఈ అని పేరు పెట్టి నికొలాయెవ్‌లో ఉన్న 61 కమ్యూనార్డ్స్ షిప్‌యార్డ్‌లో కట్టినరు, వెనక గన్ను తీసేసి హెలికాప్టర్‌కు జాగా చేసినరు. మొదటి ఓడ రాజ్‌పుత్ 1980 మే 4న జార్జియాలోని పోటి రేవులో నేవీల చేరింది, అప్పుడు మాస్కోల మన రాయబారి ఐ.కె.గుజ్రాల్, ఆయన చేతుల మీదుగనే అయింది. పొడుగు సుమారు 147 మీటర్లు, నాలుగు టర్బైన్లు, రెండు షాఫ్టులు, అన్ని కలిపి 72,000 హార్స్‌పవర్, స్పీడు 35 నాట్ల దాక. బ్రహ్మోస్‌ను నేవీ మొదట ట్రయల్ చేసింది కూడా ఈ రాజ్‌పుత్ మీద నుంచే, ఆ బ్రహ్మోస్ అసెంబ్లీ మన హైదరాబాద్‌లనే అయితది, కాబట్టి ఈ ఓడతోని మన ఊరికి సంబంధం కొత్తదేం కాదు. రంజిత్‌ను 2019 మే 6న, రాజ్‌పుత్‌ను 2021 మే 21న వైజాగ్‌ల రిటైర్ చేసినరు.

ఇగ అసలు ఇబ్బంది 1991ల మొదలైంది. సోవియట్ యూనియన్ విడిపోంగనే ఓడ కట్టిన యార్డూ, టర్బైన్లు చేసిన జార్యా ఫ్యాక్టరీ రెండూ యుక్రెయిన్ దిక్కు పోయినయ్, అదే నికొలాయెవ్‌ను ఇప్పుడు మికొలాయివ్ అంటున్నరు. ఆయుధాలు, రాడార్లు చేసే ఫ్యాక్టరీలు ఎక్కువ రష్యాల ఉండిపోయినయ్. ఒకే ఓడకు ఒక దేశం నుంచి పంపు, ఇంకో దేశం నుంచి గన్ను సామాను. 2014 తర్వాత ఆ రెండు దేశాలకు పడుత లేదు, 2022 తర్వాత యుద్ధమే. అందుకే చిన్న వాల్వు కాడికెల్లి అన్నీ ఇక్కడనే చేయించుకునుడు నేవీకి అవసరం అయింది, మనకు పని దొరికింది.

మరి ఓడలు రిటైర్ అయితున్నయ్ గదా ఇంకేం పని అని అడగొచ్చు. రిటైర్ అయిన ఓడల నుంచి పనికొచ్చే సామాను తీసి అక్కాచెల్లెళ్ళ ఓడలకు వాడుడు ఏ నేవీలనైనా ఉన్నదే, కానీ అట్ల తీసింది కూడా అరిగిన సామానే, దాని మీద ఎన్నేళ్ళు నడుస్తరు. పైగా ఆ వాల్వులు, ఆ ఫ్లాంజిలు, ఆ బేరింగులు ఒక్క ఈ ఓడలకే కాదు, సోవియట్ స్టాండర్డ్ మీద వచ్చిన ఓడలన్నిట్ల దాదాపు అదే కుటుంబం. ఒక్కసారి ఈ భాష పట్టుకుంటే వేరే ఓడల సామాను కూడా చదవగలుగుతరు.

ఒకే క్లాస్ అన్నంత మాత్రాన ఐదూ అచ్చం ఒకటే అనుకోకండి. మొదటి మూడిట్ల చిన్న గన్లు ఏకే-230, చివరి రెండిట్ల ఏకే-630. గన్ను మారితే దాని కింద ఫౌండేషన్, కూలింగ్ లైను, వైరింగు అన్నీ మారుతయ్. టెండర్ కాగితంల ఓడ పేరు, ఎక్విప్‌మెంట్ సీరియల్ నంబర్ లేకపోతే రేటు వేసే ముందు రాతపూర్వకంగ అడగండి, ఫోన్‌ల "అన్నీ ఒకటే సార్" అని ఎవరన్న చెప్తే అది లెక్కల్లకు రాదు.

ఇంకో ముచ్చట, రాజ్‌పుత్‌లు రెండు. ఈ రష్యన్ రాజ్‌పుత్ కంటే ముందు బ్రిటిష్ వాళ్ళ దగ్గర 1949ల తీసుకున్న రాజ్‌పుత్ ఒకటి ఉండె, దాని పాత పేరు రోథర్‌హామ్. 1971 డిసెంబర్‌ల వైజాగ్ ముంగట పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగినప్పుడు బయట ఉన్నది ఆ ఓడ. దాన్ని 1976లనే స్క్రాప్ చేసినరు. ఎర్రగడ్డ ఆదివారం సంతల, జుమ్మేరాత్ బజార్‌ల ఎవడన్న ఇత్తడి గేజో, కిటికీ రింగో చూపిచ్చి రాజ్‌పుత్‌ది సార్ అంటే థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి. 55 డిగ్రీల విట్‌వర్త్ మర ఉంటే బ్రిటిష్ సామాను, 60 డిగ్రీల మెట్రిక్ ఉంటే రష్యన్‌ది కావొచ్చు. రెండూ కాకపోతే మొరాదాబాద్‌ల చేసిన షోపీసు, ఇంట్ల పెట్టుకోవడానికి మంచిగనే ఉంటది, దాన్ని శాంపిల్ అనుకుని మాత్రం పని చేయకండి.

ఏ పని పట్టుకోవాలె, ఏది వదిలేయాలె. టర్బైన్ లోపలి బ్లేడ్లు, హాట్ సెక్షన్ (మంట తగిలే భాగం), గేర్‌బాక్స్ పండ్లు, మిసైల్ లాంచర్ సామాను వీటిని ముట్టుకోకండి, రేటు చూసి ఆశ పడకండి. టర్బైన్ల ఓవర్‌హాల్‌కు నేవీకి వైజాగ్‌ల ఐఎన్‌ఎస్ ఎక్సిలా అని ప్రత్యేకంగ సెంటరే ఉన్నది, ఆ పని వేరే లెవల్. మన షెడ్డుకు సరిపోయేటివి పంపు షాఫ్టులు, స్లీవులు, వేర్ రింగులు, ఇంపెల్లర్లు, వాల్వు స్పిండిళ్ళు, సీట్లు, బుష్షులు, ఫ్లాంజిలు, హ్యాచ్ డోర్ల హ్యాండిళ్ళు, కప్లింగులు. వీటిల్ల పని తెలిసినోడికి డబ్బులు ఉంటయ్, తప్పు జరిగినా ఓడ ఆగిపోయేంత ప్రమాదం తక్కువ. ఎలక్ట్రికల్‌ల ఒక్కటి చెప్త, నేమ్ ప్లేట్ మీద 400 హెర్ట్జ్ అని ఉన్న మోటర్ వస్తే మన లైన్‌కు పెట్టి తిప్పి చూడకండి, వోల్టేజీ సరిపోయినా సరే, 50 హెర్ట్జ్ ఇస్తే కరెంటు విపరీతంగ గుంజి వైండింగ్ కాలిపోతది, అది శాంపిల్, మళ్ళ దొరకది.

కాగితాల పని పెద్ద కథేం కాదు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్, సర్కారు కొనుగోళ్ళు జరిగే జెమ్ పోర్టల్‌ల సెల్లర్ ఖాతా, నేవీ స్టోర్లు చూసే వైజాగ్ మెటీరియల్ ఆర్గనైజేషన్ వాళ్ళ దగ్గర వెండర్‌గ నమోదు. 2020 ఆగస్టుల రక్షణ శాఖ సృజన్ అని పోర్టల్ తెచ్చింది, బయటి దేశాల నుంచి కొంటున్న ఐటెమ్‌లు దాంట్లో పెడ్తరు, మేము చేస్తం అని ఆసక్తి చూపొచ్చు. రోజూ పొద్దుగాల చాయ్ తాగుకుంట ఒకసారి చూసే అలవాటు చేసుకోండి, చాలు.

శాంపిల్ వచ్చిందనుకోండి. మొదటి పని కడుగుడు కాదు, ఫోటోలు. పెయింటు, తుప్పు, గ్రీసు ఎట్ల ఉన్నదో అట్లనే అన్ని దిక్కుల నుంచి తీయండి, పక్కన స్కేల్ పెట్టి. ఎందుకంటే ఎక్కడ అరిగింది, ఎక్కడ నీళ్ళు తగిలినయ్, ఎక్కడ తగల్లేదు అన్నది ఆ మురికి మీదనే కనబడ్తది, ఒక్కసారి వైర్ బ్రష్ కొడితే ఆ సాక్ష్యం పోతది. ఎర్ర పెయింటు గ్రైండర్‌తోని గీకకండి, పాత ఓడల పెయింటుల సీసం ఉండొచ్చు. గ్లాండ్ ప్యాకింగు, బూడిద రంగు గ్యాస్కెట్లల్ల ఆస్బెస్టాస్ ఉంటది అనుకునే పని చేయండి, తడిపి, మాస్కు పెట్టుకుని, చేత్తోని మెల్లగ తీసి కవర్ల కట్టాలె, ఎయిర్ గన్ను అస్సలు కొట్టొద్దు. షెడ్డుల పిల్లగాళ్ళు మామూలుగ ఎయిర్ గన్నుతోనే అన్నీ ఊదుతరు, ముందే గట్టిగ చెప్పండి.

తర్వాత అక్షరాలు. రష్యన్ అక్షరాలు సగం ఇంగ్లీష్ లెక్కనే కనిపిస్తయ్, అందుకే మనోళ్ళు తప్పు చదువుతరు. వాల్వు బాడీ మీద "పీవై 16" అని ఉన్నట్టు కనిపిస్తే అది ప్రెషర్ రేటింగ్, పీ లెక్క కనిపించేది వాళ్ళకు ర, సెంటీమీటరు చదరానికి 16 కిలోలు, అంటే మనం అనే పీఎన్16. దాని పక్కన ఇల్లు బొమ్మ లెక్క ఉన్న అక్షరం తర్వాత వై, 50 అని ఉంటే నామినల్ బోర్ 50, అంటే డీఎన్50. కొత్త గ్యాస్కెట్టు, కొత్త బోల్టు ఈ రెండు నంబర్ల నుంచే వస్తయ్. ఫ్లాంజి మాత్రం పీఎన్16 గదా అని రాణిగంజ్‌ల రెడీమేడ్‌ది తెచ్చి పెట్టకండి, ఓడ పైపులకు వాళ్ళ ఫ్లాంజి స్టాండర్డ్ వేరే ఉంటది, పిచ్ సర్కిల్, బోల్టుల లెక్క కొలిచి జోడీ ఫ్లాంజితోని సరిపోల్చాలె. పైపు మర మాత్రం మనకు తెలిసిందే, జీ అని రాసింది మన బీఎస్‌పీ ప్యారలల్ థ్రెడ్డే.

మెటీరియల్ గ్రేడు చదువుడు ఇంకా మజా ఉంటది. ఇంగ్లీష్ కళ్ళతోని చూస్తే 12ఎక్స్18హెచ్10టి అని కనిపిస్తది. మొదటి 12 కార్బన్, శాతంల వందో వంతుల లెక్క, అంటే 0.12 దాక. ఎక్స్ లెక్క ఉన్నది క్రోమియం, 18 శాతం. హెచ్ లెక్క ఉన్నది నికెల్, 10 శాతం. చివరి టి టైటానియం, నంబర్ లేదంటే ఒక శాతం చుట్టుపక్కల, లేదా తక్కువ. అంటే మనకు దగ్గర స్టెయిన్‌లెస్ గ్రేడ్ 321. 304 కాదు, దుకాణపాయన ఇదే సార్ అది అన్నా కాదు, వెల్డింగ్ చేసిన కాడ తుప్పు తినకుండ ఆ టైటానియం పెట్టినరు. 20ఎక్స్13 అంటే కార్బన్ 0.2, క్రోమియం 13, గ్రేడ్ 420కి దగ్గర, షాఫ్టులకు స్పిండిళ్ళకు ఎక్కువ వాడినరు. 40ఎక్స్ అంటే 0.40 కార్బన్, ఒక శాతం క్రోమియం. ఉత్త 45 అని ఉంటే సీ45, మన ఈఎన్8 దానికి దగ్గర.

బ్రాంజ్‌కు వేరే లెక్క. ముందల 6 అంకె లెక్క కనిపించే అక్షరం, పక్కన చిన్న పీ ఉంటే అది బ్రాంజ్ అని. తర్వాత ఏ అంటే అల్యూమినియం, నక్షత్రం లెక్క ఆరు కాళ్ళ అక్షరం ఉంటే ఇనుము, ఓ అంటే తగరం, సీ అంటే సీసం. చూడండి తిరకాసు, సీ అక్షరమే స్టీల్ గ్రేడుల ఉంటే సిలికాన్, బ్రాంజ్‌ల ఉంటే సీసం. 9-4 అని అల్యూమినియం, ఇనుము గుర్తుల తర్వాత ఉంటే 9 శాతం అల్యూమినియం, 4 శాతం ఇనుము, గట్టి అల్యూమినియం బ్రాంజ్. తగరం, జింకు, సీసం మూడు గుర్తుల తర్వాత 5-5-5 ఉంటే సంతోషించండి, అది మన ఫౌండ్రీలోళ్ళు రోజూ పోసే గన్‌మెటల్, ఎల్‌జీ2.

అక్షరాలు చెరిగిపోతే టెస్టింగే దిక్కు. చాలామంది చేతుల పట్టుకునే ఎక్స్‌రే గన్ను చూపిచ్చి రిపోర్ట్ తీసుకుంటరు, చౌక, అయిదు నిమిషాల్ల అయిపోతది. కానీ ఆ గన్ను కార్బన్ చూడలేదు. 13 క్రోమియం స్టీల్ అని చెప్తది, కార్బన్ 0.12నా 0.20నా 0.40నా చెప్పదు, షాఫ్టు గట్టితనం మొత్తం దాని మీదనే ఉన్నది గదా. అందుకని స్పార్క్ స్పెక్ట్రో (ముక్క మీద నిప్పురవ్వ కొట్టి కార్బన్‌తో సహా చూసే టెస్టు) చేపియ్యండి, ల్యాబులకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న కాడ, ముక్క మీద ఏ జాగల కాల్చాలనో మీరే మార్కు చేసి ఇవ్వండి, సీలింగ్ ఫేసు మీద మచ్చ పడితే అయిపోయె. దానితో పాటు హార్డ్‌నెస్ తప్పకుండ తీయాలె. కెమిస్ట్రీ సరిపోయి హీట్ ట్రీట్‌మెంట్ తప్పితే అది వేరే పార్టు కిందనే లెక్క. స్పెషల్ అల్లాయ్, టైటానియం అయితే కంచన్‌బాగ్‌ల సర్కారు కంపెనీ మిధానీ ఉన్నది, కానీ వాళ్ళ దగ్గర మన నాలుగు పీసులకు కావాల్సినంత చిన్న క్వాంటిటీ దొరుకుతదా లేదా అన్నది రేటు వేయకముందే కనుక్కోవాలె.

ఇత్తడి గురించి ఒక మాట గట్టిగ చెప్తున్న. సముద్రపు నీళ్ళు తగిలే పార్టుకు మామూలు ఇత్తడి రాడ్డు వాడొద్దు. ఉప్పు నీళ్ళల్ల జింకు కరిగిపోయి రాగి స్పంజు మిగులుతది, పైకి కొలత అట్లనే ఉంటది, రంగు మాత్రం పసుపు పోయి గులాబీకి తిరుగుతది, స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే పొడి రాలుతది. శాంపిల్ మీద అసొంటి గులాబీ మచ్చలు కనిపిస్తే ఇంతకుముందు ఎవరో లోకల్‌గ ఇత్తడితోని చేసి పెట్టినరు అని అర్థం, ఆ ముక్కను కాపీ కొట్టొద్దు. స్టెయిన్‌లెస్ అయినా 304 గ్యాస్కెట్టు కింద, మర సందుల్ల గుంటలు పడ్తది. మెటీరియల్ మార్చాలనిపిస్తే ఇదెందుకు మంచిదో రాసి, నేవీ వాళ్ళ ఒప్పుదల కాగితం మీద తీసుకున్నంకనే మార్చండి. మంచిదే గదా అని మీరంతట మీరు మార్చిన్రనుకో, ఉప్పు నీళ్ళల్ల పక్కనున్న లోహాన్ని అది తినేయొచ్చు.

ఇగ కొలిచే పని. ఒక సముద్రపు నీళ్ళ పంపు షాఫ్టు తీసుకుందం. గ్లాండ్ (నీళ్ళు కారకుండ ప్యాకింగ్ పెట్టే జాగ) కింద కొలిస్తే 34.2 మిల్లీమీటర్లు వస్తది, అక్కడ ప్యాకింగ్ రుద్ది రుద్ది తిన్నది. బేరింగ్ కూర్చునే కాడ 35.01. చివర కప్లింగ్ దిక్కు, తాళం గాడి పక్కన, ఏదీ తగలని రెండు వేళ్ళ జాగల 34.99. ఈ మూడు కొలతలు రాసుకుని సగటు తీసేటోడు మళ్ళ చదువుకోవాలె. డిజైనర్ గీసింది 35, ఇంకోటి కాదు. ఇప్పుడు బేరింగ్ నంబర్ చూడండి, 207 అని ఉంటది, చివరి 07ను అయిదుతోని గుణిస్తే 35, రెండు సాక్ష్యాలు కలిసినయ్. బేరింగ్ సీటు 35కె6 (35 సైజుకు కొంచెం బిగువు ఫిట్టు) అనుకుంటే 35.002 నుంచి 35.018 మధ్యల ఉండాలె, మనకు దొరికిన 35.01 అందుల కూర్చున్నది. ఇట్ల ప్రతి కొలతకు ఇంకో దిక్కు నుంచి సాక్ష్యం దొరికితేనే డ్రాయింగ్‌ల ఎక్కియ్యాలె. దొరకని కొలతల పక్కన ప్రశ్న గుర్తు పెట్టి జోడీ ముక్క అడగండి, ఇయ్యకపోతే కనీసం ఓడ మీద పోయి కొలిచే పర్మిషన్ అడగండి. బాలానగర్‌ల 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మన పక్కనే, ఇంపెల్లర్ అసొంటి వంకర షేపులు వెర్నియర్‌తోని కుస్తీ పట్టకుండ వాళ్ళ సీఎంఎం (షేపును పాయింటు పాయింటుగ కొలిచే మిషన్) మీద పెట్టిచ్చుకోండి.

పాత డ్రాయింగ్ దొరికితే ఇంకా మంచిది, కాకపోతే ఫినిష్ గుర్తులు తలకిందుల త్రిభుజం పక్కన అంకెతోని ఉంటయ్, 6 ఉంటే ఆర్ఏ (గరుకుతనం కొలత, మైక్రాన్లల్ల) 2.5, 7 ఉంటే 1.25, 8 ఉంటే 0.63. అంకె పెరిగినకొద్ది నున్నగ. ఆ 6ను చూసి ఆర్ఏ 6 అనుకుని గరుకుగ వదిలేస్తే సీల్ లీకు కొడ్తది.

బేరింగుల దగ్గర అందరు పడే గుంత ఒకటి ఉన్నది. 205 అంటే 6205, 305 అంటే 6305, అంత వరకు ఈజీ. 80205 అంటే రెండు దిక్కుల రేకు మూత, 180205 అంటే రెండు దిక్కుల రబ్బరు. కానీ రష్యన్ 7205 చూసి రాణిగంజ్‌ల 7205 ఇయ్యమంటే యాంగులర్ కాంటాక్ట్ బాల్ బేరింగ్ చేతుల పెడ్తరు, వాళ్ళ తప్పేం లేదు, బయటి ప్రపంచంల 7205 అంటే అదే. రష్యన్ లెక్కల 7205 టేపర్ రోలర్, మన 30205. అదే తీరున రష్యన్ 32205 సిలిండ్రికల్ రోలర్, ఎన్‌యూ205, మన దుకాణంల 32205 అంటే టేపర్. రష్యన్ యాంగులర్ కాంటాక్ట్ కావాలంటే 36205, 46205 అసొంటి నంబర్లు ఉంటయ్. నంబరుకు ముందల 6 లేదా 5 రాసి, దాని తర్వాత చిన్న గీత ఉంటే అది ప్రెసిషన్ క్లాసు, పంపు మోటర్‌కు ఆ క్లాసు అడిగితే మామూలుది పెట్టొద్దు, చప్పుడు వస్తది, యుద్ధనౌకల చప్పుడంటే చిన్న విషయం కాదు.

ఓ-రింగులకు కూడా ఇట్లనే ఒక నంబరు, 020-025-30-2-2 అని. రాడ్డు 20, సిలిండర్ 25, రింగు మందం 3.0 మిల్లీమీటర్లు, తర్వాతి రెండు అంకెలు ప్రెసిషన్ గ్రూపు, రబ్బరు గ్రూపు. రింగు లోపలి డయా 20 ఉండదు, కొంచెం తక్కువ, రాడ్డు మీద సాగి పట్టాలె గదా. పాత రింగును కొలిచి చేస్తే అది ఉబ్బి ఉండొచ్చు, గట్టిబడి ఉండొచ్చు, గాడిని కొలవండి. ఆయిల్ లైన్లకు నైట్రైల్ రబ్బరు, కవర్ మీద తయారైన నెల, సంవత్సరం లేకపోతే ఇన్‌స్పెక్షన్‌ల పక్కకు పడేస్తరు.

క్యాస్టింగు వచ్చే ఐటెమ్ అయితే ప్యాటర్న్ ఖర్చు ముందే విడిగ లెక్క పెట్టుకోండి. ఆర్డర్ నాలుగు పీసులు, ప్యాటర్న్ మాత్రం నలభైకి అయినా ఒకటే ఖర్చు. అల్యూమినియం బ్రాంజ్ గన్‌మెటల్ కన్నా ఎక్కువ కుంచించుకుంటది, గన్‌మెటల్ ప్యాటర్న్‌లనే పోస్తే సైజు తక్కువ వస్తది, పైగా పోసేటప్పుడు తెట్టు పడి లోపల పొరలు వస్తయ్, ఆ మెటల్ పోసిన అనుభవం ఉన్న ఫౌండ్రీ కాడికే పోవాలె. ప్రెషర్ టెస్టు మామూలుగ బాడీకి ఒకటిన్నర రెట్లు, పీఎన్16 అయితే 24 బార్, సీటుకు 1.1 రెట్లు. మన షెడ్డుల ముందే ఒకసారి రహస్యంగ టెస్టు చేసుకుని, చెమట పట్టిన పీసును పక్కన పెట్టి, ఇన్‌స్పెక్టర్‌ను పిలవండి. ఎవరు ఇన్‌స్పెక్షన్ చేయాలె, ఏ స్టేజిల చేయాలె అన్నది ఆర్డర్‌లనే రాసి ఉంటది, చాలాసార్లు డీజీక్యూఏ (రక్షణ శాఖ క్వాలిటీ చెకింగ్) వాళ్ళు ఉంటరు, రా మెటీరియల్ స్టేజిల స్టాంపు వేపిచ్చుకోకుండ మిషన్ మీద ఎక్కిస్తే తర్వాత ఎంత బతిమిలాడినా అయ్యేది కాదు, ఆ ముక్క పక్కన పెట్టుడే.

శాంపిల్ ఫోటోలు, డ్రాయింగులు వాట్సాప్ గ్రూపుల్ల తిప్పకండి. బిజినెస్ రహస్యం అని కాదు, అది నేవీ సామాను. బయట హీట్ ట్రీట్‌మెంట్‌కు, గ్రైండింగ్‌కు ఇచ్చేటప్పుడు కూడా ఆ ఒక్క ఆపరేషన్‌కు కావాల్సిన స్కెచ్ మాత్రమే ఇవ్వండి, ఓడ పేరు లేకుండ. డబ్బుల సంగతి, ఆలస్యం అయితది, అయిదారు నెలల ఖర్చు చేతుల పెట్టుకునే దిగాలె, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ నమ్ముకుని మొదటి ఆర్డరే పెద్దది పట్టకండి.

ప్యాకింగ్‌ల కక్కుర్తి పడొద్దు. ఇక్కడ పొడి గాలి, వైజాగ్‌ల డబ్బా తెరిచే లోపల తేమ పట్టి గ్రౌండ్ చేసిన ఫేసు మీద ఎర్ర మచ్చ లేస్తది. తుప్పు పట్టకుండ ఉండే వీసీఐ పేపరు, దాని మీద గ్రీసు కవరు, చెక్క డబ్బా, ప్రతి పీసుకు పార్టు నంబరు, ఆర్డర్ నంబరు, హీట్ నంబరు (ఏ పోతల మెటలో చెప్పేది) ఉన్న ట్యాగు. మొదటి పీసు కాంగనే మిగతావి ఆపి, దాన్ని పట్టుకుని నాంపల్లిల గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, గేట్ పాస్ ముందే పెట్టుకోండి. అక్కడ జోడీ ముక్కల పెట్టి తిప్పి చూపిచ్చి, ఫిట్‌మెంట్ సరే అని సంతకం తీసుకుని వచ్చినంక మిగతా మూడు చేయండి.